ప్రయాణ మోటార్‌సైకిల్‌పై అదనపు విద్యుత్ పరికరాలు: తాళంచెవికి లోబడే వలయం

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగం చదివిన తరువాత మీరు:
• మోటార్‌సైకిల్‌పై అదనపు పరికరాలకు ఎంత విద్యుత్ సామర్థ్యం మిగులుతుందో లెక్క వేయగలుగుతారు.
• రిలే పనిచేసే తీరును, దానిని వాడవలసిన కారణాన్ని వివరించగలుగుతారు.
• తీగ మందాన్ని, ఫ్యూజు విలువను, ఫ్యూజు ఉండవలసిన చోటును నిర్ణయించగలుగుతారు.
• పూర్తయిన వలయాన్ని మల్టీమీటర్‌తో పరీక్షించగలుగుతారు.

1. పరిచయం

దూరప్రయాణాలకు వాడే మోటార్‌సైకిల్‌పై ఫోన్ చార్జర్, పొగమంచు దీపాలు, చేతిపిడులను వెచ్చబరిచే హీటెడ్ గ్రిప్స్ వంటి పరికరాలను చాలామంది అమర్చుకుంటారు. శీతకాలపు తెల్లవారుజామున లంబసింగి దారిలో వెళ్లేవారికి పొగమంచు దీపం అలంకారం కాదు, అవసరం. దారి చూపే ఫోన్ మధ్యలో ఆగిపోతే కొత్త ప్రాంతంలో ఇబ్బంది తప్పదు.

అయితే ఈ పరికరాలు పనిచేయడానికి వాడుకునేది ఇంజను స్పార్కుకు, ఇంధన పంపుకు, హెడ్‌లైటుకు, బ్రేకులలోని ఏబీఎస్‌కు కావలసిన విద్యుత్తునే. వాటిని సరిగా కలపకపోతే చెడిపోయేది ఆ పరికరం ఒక్కటే కాదు. నేటి ఇంధన ఇంజెక్షన్ బండ్లలో ఇంధన పంపుకూ, ఇంజను నియంత్రణ యూనిట్‌కూ విద్యుత్తు అందకపోతే ఇంజను నడవదు. పైగా వీటిలో చాలావాటికి కిక్ ఉండదు. ఘాట్ రోడ్డు మలుపులో రాత్రివేళ చార్జర్ తీగ ఒరుసుకుపోయి ఫ్యూజు పోతే, ఆ ఫ్యూజు మీదే ఇంజను కూడా ఆధారపడి ఉంటే బండి అక్కడే నిలిచిపోతుంది.

కాబట్టి ఈ పాఠ్యభాగంలోని ప్రతి నిర్ణయాన్నీ రెండు సూత్రాలతో సరిచూడండి. మొదటిది: అదనపు పరికరంలో లోపం వస్తే ఆ పరికరమే ఆగాలి, బండి ఆగకూడదు. రెండవది: తాళంచెవి తీయగానే అదనపు పరికరాలన్నీ ఆగిపోవాలి, అది రైడరు జ్ఞాపకశక్తిపై ఆధారపడకూడదు.

2. విద్యుత్ ఆదాయం, ఖర్చు

మోటార్‌సైకిల్‌లో విద్యుత్తును తయారుచేసేది ఆల్టర్నేటర్. బ్యాటరీ దానిని నిల్వ చేస్తుంది, అంతే. కుటుంబ బడ్జెట్‌తో పోలిస్తే ఆల్టర్నేటర్ నెల జీతం వంటిది, బ్యాటరీ పొదుపు ఖాతా వంటిది. జీతాన్ని మించి ఖర్చు చేస్తే కొంతకాలం పొదుపు ఆదుకుంటుంది, తరువాత అదీ అయిపోతుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక బండి ఆల్టర్నేటర్ గరిష్ఠ సామర్థ్యం 220 వాట్లు అనుకుందాం. ఇంధన పంపు, ఇంజను నియంత్రణ యూనిట్, హెడ్‌లైటు, వెనుక దీపం, మీటరు, బ్యాటరీ చార్జింగు అన్నీ కలిపి 140 వాట్లు తీసుకుంటాయనుకుందాం. మిగిలేది 80 వాట్లు. మీ బండికి వర్తించే అసలు విలువలను సర్వీసు మాన్యువల్‌లో చూసుకోవాలి.

ఇప్పుడు 20 వాట్ల ఎల్‌ఈడీ దీపాలు రెండు (40 వాట్లు), ఒక యూఎస్‌బీ చార్జర్ (20 వాట్లు) అమర్చారు. ఖర్చు 60 వాట్లు. ఇంకా 20 వాట్లు మిగిలే ఉన్నాయి. వీటికి తోడు 36 వాట్ల హీటెడ్ గ్రిప్స్ చేరిస్తే ఖర్చు 96 వాట్లకు చేరుతుంది. అంటే 16 వాట్ల లోటు. ఆ లోటును బ్యాటరీ నుంచి తీసుకోవాలి. బండి నడుస్తూనే ఉంటుంది, దీపాలు వెలుగుతూనే ఉంటాయి, కాబట్టి లోపం బయటపడదు. టీ కోసం ఆగి, మళ్లీ స్టార్టు చేయబోయినప్పుడు మాత్రమే తెలుస్తుంది.

ఇక్కడ రెండు విషయాలు గమనించాలి. ఒకటి, గరిష్ఠ సామర్థ్యం ఇంజను వేగంగా తిరిగేటప్పుడే లభిస్తుంది. ట్రాఫిక్‌లో ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు ఆల్టర్నేటర్ ఇచ్చేది చాలా తక్కువ. రెండు, మనదేశంలో 2017 ఏప్రిల్ నుంచి కొత్త ద్విచక్ర వాహనాలలో ఇంజను నడుస్తున్నంతసేపూ హెడ్‌లైటు వెలిగే ఉండాలన్న నిబంధన అమలులో ఉంది. కాబట్టి పగలు హెడ్‌లైటు ఆపి ఆ వాట్లను ఇతర పరికరాలకు మళ్లించే అవకాశం ఈ బండ్లలో లేదు.

3. నేరుగా కలిపితే వచ్చే చిక్కులు

అదనపు పరికరాన్ని కలపడానికి సాధారణంగా రెండు సులువైన దారులు కనిపిస్తాయి. రెండింటిలోనూ లోపాలున్నాయి.

మొదటి దారి, పరికరాన్ని నేరుగా బ్యాటరీకి కలపడం. దీనివల్ల బండి అసలు తీగలపై భారం పడదు. కానీ తాళంచెవి తీసినా పరికరానికి విద్యుత్తు అందుతూనే ఉంటుంది. 40 వాట్ల దీపాలు 12 వోల్టుల దగ్గర సుమారు 3.3 ఆంపియర్లు తీసుకుంటాయి. 8 ఆంపియర్-గంటల బ్యాటరీ లెక్కప్రకారం రెండున్నర గంటలలోపే ఖాళీ అవుతుంది. ఇంజనును స్టార్టు చేయలేని స్థితి అంతకన్నా ముందే వస్తుంది. వెలిగే దీపం కంటికి కనిపిస్తుంది కాబట్టి దానిని ఆపివేయడం గుర్తుకురావచ్చు. ఫోన్ తగిలించకపోయినా చార్జర్ లోపలి ఎలక్ట్రానిక్ భాగాలు తీసుకునే స్వల్ప విద్యుత్తు కనిపించదు. అది 20 మిల్లీఆంపియర్లే అనుకున్నా రోజుకు 0.48 ఆంపియర్-గంటలు అవుతుంది. ఇంట్లో ఎనిమిది రోజులు కదలకుండా ఉన్న బండిలో ఈ కారణంగానే సగం బ్యాటరీ ఖర్చయిపోతుంది.

రెండవ దారి, తాళంచెవి తిప్పినప్పుడు మాత్రమే విద్యుత్తు వచ్చే తీగ ఒకదానిని వెతికి, దాని నుంచి పరికరానికి విద్యుత్తు తీసుకోవడం. ఇందులో బ్యాటరీ ఖాళీ అయ్యే సమస్య ఉండదు. కానీ ఆ తీగ మందాన్నీ, దాని ఫ్యూజునూ తయారీదారు అసలు పరికరాలకు సరిపడా మాత్రమే నిర్ణయించి ఉంటారు. అదనంగా 5 ఆంపియర్లు లాగితే ఆ తీగ, దాని కనెక్టర్లు, ఇగ్నిషన్ స్విచ్చి లోపలి కాంటాక్టులు వేడెక్కుతాయి. ఫ్యూజు పోతే ఆ ఫ్యూజుపై ఆధారపడిన అసలు పరికరాలూ ఆగిపోతాయి.

మొదటి దారి రెండవ సూత్రాన్నీ, రెండవ దారి మొదటి సూత్రాన్నీ ఉల్లంఘిస్తున్నాయి. రెండింటి మేలునూ కలిపి ఇచ్చేది రిలే.

4. రిలే పనిచేసే తీరు

రిలే అంటే విద్యుత్తుతో పనిచేసే స్విచ్చి. దానిలో ఒక తీగచుట్ట, ఒక జత కాంటాక్టులు ఉంటాయి. తీగచుట్టలో విద్యుత్తు ప్రవహించినప్పుడు అది విద్యుదయస్కాంతమై ఒక ఇనుప రేకును లాగుతుంది. ఆ రేకు కదిలి కాంటాక్టులను కలుపుతుంది. తీగచుట్టలో ప్రవాహం ఆగగానే స్ప్రింగు ఆ రేకును వెనుకకు లాగి కాంటాక్టులను విడదీస్తుంది. తీగచుట్ట వలయమూ, కాంటాక్టుల వలయమూ వేర్వేరు. వాటి మధ్య సంబంధం అయస్కాంత బలం ఒక్కటే.

కార్లలో, మోటార్‌సైకిళ్లలో వాడే నాలుగు కాళ్ల రిలేపై 30, 87, 85, 86 అనే అంకెలు ఉంటాయి. 30వ కాలికి బ్యాటరీ నుంచి విద్యుత్తు వస్తుంది. 87వ కాలి నుంచి పరికరానికి వెళుతుంది. 85, 86 తీగచుట్ట కొనలు. సాధారణంగా 86కు ధన తీగను, 85కు ఋణ తీగను కలుపుతారు. తీగచుట్టకు అడ్డంగా డయోడ్ అమర్చిన రిలేలలో ఈ క్రమాన్ని తప్పనిసరిగా పాటించాలి.

తీగచుట్ట నిరోధం సుమారు 85 ఓములు అనుకుంటే, ఓమ్ నియమం ప్రకారం 12 ÷ 85 = 0.14 ఆంపియర్ల ప్రవాహం చాలు. బండి అసలు తీగ నుంచి మనం తీసుకునేది ఇంతే. 5 ఆంపియర్ల అసలు భారం బ్యాటరీ నుంచి కొత్త తీగ ద్వారా, కాంటాక్టుల ద్వారా వెళుతుంది. అంటే తాళంచెవి ఆజ్ఞ మాత్రమే ఇస్తుంది, బరువును రిలే మోస్తుంది.

5. వలయ నిర్మాణం

పై ఉదాహరణలోని రెండు దీపాలు, ఒక చార్జర్‌కు వలయాన్ని కాగితంపై గీస్తూ ఈ భాగాన్ని చదవండి.

బ్యాటరీ ధన ధ్రువం నుంచి ఒక తీగ 10 ఆంపియర్ల ఫ్యూజు గుండా ప్రధాన రిలే 30వ కాలికి వెళుతుంది. 85వ కాలు బ్యాటరీ ఋణ ధ్రువానికి కలుస్తుంది. 86వ కాలికి తాళంచెవి తిప్పినప్పుడు మాత్రమే విద్యుత్తు వచ్చే తీగను 1 ఆంపియర్ ఫ్యూజు ద్వారా కలపాలి. 87వ కాలి నుంచి వచ్చే విద్యుత్తు రెండు శాఖలుగా చీలుతుంది. చార్జర్ శాఖలో 3 ఆంపియర్ల ఫ్యూజు, దీపాల శాఖలో 5 ఆంపియర్ల ఫ్యూజు ఉంటాయి.

దీపాలను రైడరు తన ఇష్టం ప్రకారం వెలిగించి ఆపగలగాలి. ఎదుటివారి కళ్లు చెదిరే సందర్భంలో వెంటనే ఆపడం భద్రతకు అవసరం. అందుకు రెండవ రిలే వాడతాం. దీపాల శాఖ ఫ్యూజు తరువాత తీగ రెండుగా చీలి, ఒకటి రెండవ రిలే 30వ కాలికి, మరొకటి హ్యాండిల్‌పై ఉన్న స్విచ్చి మీదుగా అదే రిలే 86వ కాలికి చేరుతుంది. 85 ఋణ ధ్రువానికి, 87 దీపాలకు కలుస్తాయి. దీనివల్ల హ్యాండిల్ స్విచ్చి గుండా 0.14 ఆంపియర్లే వెళతాయి. చిన్న స్విచ్చి సరిపోతుంది, దాని కాంటాక్టులు కాలిపోవు. స్విచ్చి ఆపడం మరిచిపోయి తాళంచెవి తీసినా, ప్రధాన రిలే విడిపోతుంది కాబట్టి దీపాలు ఆరిపోతాయి.

ఆజ్ఞ ఇచ్చే తీగను ఎంచుకోవడంలో జాగ్రత్త అవసరం. కొన్ని బండ్లలో అదనపు పరికరాల కోసమే తయారీదారు ఒక కనెక్టర్ ఇస్తారు. అది ఉంటే దానినే వాడండి. లేకపోతే వెనుక దీపపు తీగను ఎంచుకోవచ్చు. ఇంధన పంపు, ఇంజను నియంత్రణ యూనిట్, ఏబీఎస్ తీగలను ముట్టుకోకూడదు. తాళంచెవికి పార్కింగ్ స్థానం ఉన్న బండ్లలో చెవి తీసిన తరువాత కూడా వెనుక దీపం వెలిగే అవకాశం ఉంది. అటువంటప్పుడు రిలే కూడా పట్టుకునే ఉంటుంది. కాబట్టి తాళంచెవి ప్రతి స్థానంలోనూ ఆ తీగలో వోల్టేజి ఉందో లేదో ముందే చూసుకోవాలి.

ఋణ తీగను ఫ్రేముకు బిగించి సరిపెట్టడం కొందరి అలవాటు. రంగు, తుప్పు ఉన్నచోట కలయిక సరిగా ఉండదు. హ్యాండిల్‌కు బిగిస్తే విద్యుత్తు తిరుగు ప్రయాణం స్టీరింగు బేరింగుల మీదుగా సాగవలసి వస్తుంది. అందువల్ల ప్రతి పరికరం ఋణ తీగనూ బ్యాటరీ దాకా తీసుకురావడమే మేలు.

6. తీగ, ఫ్యూజు

ఒక మీటరు పొడవు, 1 చదరపు మిల్లీమీటరు మధ్యచ్ఛేద వైశాల్యం గల రాగి తీగ నిరోధం సుమారు 0.017 ఓములు. పొడవు పెరిగితే నిరోధం పెరుగుతుంది, మందం పెరిగితే తగ్గుతుంది. బ్యాటరీ నుంచి దీపాలకు 1.5 మీటర్ల దూరం ఉంటే, రాకపోకలు కలిపి 3 మీటర్ల తీగ అవుతుంది. దానిలో 3.3 ఆంపియర్లు ప్రవహించినప్పుడు కోల్పోయే వోల్టేజి ఇలా ఉంటుంది:

• 0.2 చదరపు మిల్లీమీటర్ల తీగలో సుమారు 0.85 వోల్టులు
• 0.5 చదరపు మిల్లీమీటర్ల తీగలో సుమారు 0.34 వోల్టులు
• 1.5 చదరపు మిల్లీమీటర్ల తీగలో సుమారు 0.11 వోల్టులు

సన్నని తీగతో కూడా దీపం వెలుగుతుంది కదా అనిపించవచ్చు. అసలు ప్రమాదం లోపం వచ్చినప్పుడు తెలుస్తుంది. 0.2 చదరపు మిల్లీమీటర్ల ఆ తీగ నిరోధం 0.26 ఓములు. దీపం దగ్గర ధన, ఋణ తీగలు ఒకదానికొకటి తాకితే, బ్యాటరీ లోపలి నిరోధాన్ని విడిచిపెట్టి లెక్కిస్తే, సుమారు 46 ఆంపియర్లు ప్రవహిస్తాయి. ఆ తీగలో పుట్టే వేడి 550 వాట్లకు పైమాటే. ఇంచుమించు ఒక ఇస్త్రీపెట్టె వేడి పెట్రోలు ట్యాంకు కింద, ప్లాస్టిక్ తొడుగు మధ్య విడుదలవుతుందన్నమాట.

దీనిని ఆపేది ఫ్యూజు. ఫ్యూజు కాపాడేది ముఖ్యంగా తీగను, పరికరాన్ని కాదు. అందుకే దానిని బ్యాటరీకి వీలైనంత దగ్గరగా, 15 నుంచి 20 సెంటీమీటర్లలోపు అమర్చాలి. ఫ్యూజుకు ముందున్న తీగ ముక్కకు ఏ రక్షణా ఉండదు కనుక ఆ ముక్క ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది. దీపం దగ్గర పెట్టిన ఫ్యూజు మధ్యదారిలో ఒరుసుకుపోయిన తీగను కాపాడలేదు.

ఫ్యూజు విలువను రెండు హద్దుల మధ్య నిర్ణయించాలి. పరికరం నిరంతరం తీసుకునే ప్రవాహం ఫ్యూజు విలువలో నాలుగింట మూడు వంతులు దాటకూడదు. ఫ్యూజు విలువ తీగ సురక్షితంగా మోయగల ప్రవాహాన్ని మించకూడదు. 3.3 ఆంపియర్ల దీపాలకు 5 ఆంపియర్లు, 1.7 ఆంపియర్ల చార్జర్‌కు 3 ఆంపియర్లు, రెండింటి మొత్తానికి 10 ఆంపియర్లు ఇలాగే వచ్చాయి. ప్రధాన తీగకు 1.5, శాఖలకు 0.75, హ్యాండిల్ స్విచ్చికి 0.5 చదరపు మిల్లీమీటర్ల తీగలు ఈ ఫ్యూజులకు సరిపోతాయి. రేకు ఫ్యూజులకు రంగులు గుర్తులు: 3 ఆంపియర్లకు ఊదా, 5కు లేత గోధుమ, 7.5కు ముదురు గోధుమ, 10కి ఎరుపు, 15కు నీలం. పోయిన ఫ్యూజు స్థానంలో పెద్ద ఫ్యూజునో, రాగి తీగ ముక్కనో పెడితే లోపం పోదు, రక్షణ మాత్రం పోతుంది.

7. అమరికలో జాగ్రత్తలు

పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ ఋణ తీగను విప్పాలి. ధన తీగను ముందుగా విప్పబోతే పానా పొరపాటున ఫ్రేముకు తగిలి షార్టు అవుతుంది. ఋణ తీగ ముందే విప్పి ఉంటే పానా తగిలినా వలయం పూర్తికాదు. తిరిగి బిగించేటప్పుడు ధన తీగ ముందు, ఋణ తీగ చివర.

మోటార్‌సైకిల్‌పై తీగకు ఇంట్లో తీగకు లేని మూడు శత్రువులు ఉన్నాయి: అదురు, నీరు, వేడి. ఒంటి పోగు తీగ అదురుకు విరుగుతుంది, అనేక పోగుల రాగి తీగనే వాడాలి. టంకం పెట్టినచోట తీగ బిరుసెక్కి, ఆ అంచు దగ్గర అదురుకు తెగే అవకాశం ఉంది. సరైన పరికరంతో నొక్కిన లగ్గు, దానిపై వేడికి ముడుచుకునే స్లీవ్ ఎక్కువ కాలం నిలుస్తాయి. తీగను గీరి చుట్టి పైన టేపు వేయడం వానకాలం దాకా కూడా ఆగదు. తీగలను సైలెన్సర్‌కు దూరంగా నడిపించాలి. రిలేలను కాళ్లు కిందికి ఉండేలా అమరిస్తే లోపలికి నీరు చేరదు.

హ్యాండిల్ దగ్గర తీగకు కొంత వదులు ఉంచి, హ్యాండిల్‌ను పూర్తిగా ఎడమకు, పూర్తిగా కుడికి తిప్పి చూడాలి. ఎక్కడా తీగ బిగుసుకోకూడదు, నలగకూడదు. అదనపు దీపాల సంఖ్య, స్థానం, రంగు విషయంలో మోటారు వాహనాల నిబంధనలు వర్తిస్తాయి. దీపాలు కొనేముందే వాటిని తెలుసుకోవాలి. మార్పుల వల్ల వారంటీకి ఇబ్బంది ఉంటుందేమో కూడా చూసుకోవాలి.

8. పరీక్షించడం

పని పూర్తయిన తరువాత నాలుగు పరీక్షలు చేయండి.

మొదటిది విశ్రాంతి ప్రవాహ పరీక్ష. తాళంచెవి తీసి, ఋణ తీగను విప్పి, మల్టీమీటర్‌ను 10 ఆంపియర్ల స్థానంలో ఉంచి బ్యాటరీ ఋణ ధ్రువానికీ, ఆ తీగకూ మధ్య కలపండి. పని మొదలుపెట్టకముందు ఇదే పరీక్ష చేసి ఆ విలువను రాసి ఉంచుకోండి. రెండు విలువలూ ఒకటే అయితే మీ వలయం తాళంచెవికి లోబడి ఉన్నట్లే. ఈ స్థితిలో బండిని స్టార్టు చేయకూడదు, మీటరు పాడవుతుంది.

రెండవది చార్జింగు పరీక్ష. ఋణ తీగను తిరిగి బిగించి, ఇంజను నడుస్తుండగా, పరికరాలన్నీ పనిచేస్తుండగా బ్యాటరీ ధ్రువాల మధ్య వోల్టేజి చూడండి. మధ్యస్థ వేగంలో సుమారు 13.8 నుంచి 14.5 వోల్టుల మధ్య ఉండాలి. 13 వోల్టులకన్నా తగ్గిపోతుంటే ఖర్చు ఆదాయాన్ని మించిందని అర్థం.

మూడవది వోల్టేజి నష్ట పరీక్ష. దీపాలు వెలుగుతుండగా బ్యాటరీ దగ్గర, దీపం దగ్గర వోల్టేజిలను పోల్చండి. తేడా అర వోల్టు దాటితే ఏదో ఒక కలయిక వదులుగా ఉంది.

నాలుగవది అన్నిటికన్నా ముఖ్యమైనది. ఇంజను నడుస్తుండగా అదనపు ఫ్యూజులను ఒక్కొక్కటిగా తీయండి. ఏది తీసినా ఇంజను, హెడ్‌లైటు, బ్రేకు దీపం, ఇండికేటర్లు మామూలుగా పనిచేయాలి. అలా పనిచేస్తే మొదటి సూత్రం నెరవేరినట్లే.

9. సారాంశం

అదనపు పరికరాలను అమర్చే ముందు ఆల్టర్నేటర్ ఇవ్వగల సామర్థ్యంలో మిగులు ఎంతో లెక్క వేయాలి. భారాన్ని బ్యాటరీ నుంచి ప్రత్యేక ఫ్యూజు, తీగ, రిలే ద్వారా మోయించాలి. తాళంచెవి, హ్యాండిల్ స్విచ్చి ఆజ్ఞలు మాత్రమే ఇవ్వాలి. ఫ్యూజు తీగను కాపాడుతుంది కనుక బ్యాటరీ పక్కనే ఉండాలి. ఈ వలయాన్ని మీరే నిర్మించుకున్నా, ఆటో ఎలక్ట్రీషియన్‌తో చేయించుకున్నా, నాలుగు పరీక్షలూ చేసిన తరువాతనే దూరప్రయాణానికి బయలుదేరండి.

10. మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. హ్యాండిల్ స్విచ్చి గుండా దీపాల ప్రవాహం మొత్తం వెళ్లకుండా చేసేది ఏది?
2. 36 వాట్ల హీటెడ్ గ్రిప్స్‌కు 12 వోల్టుల దగ్గర ఎంత ప్రవాహం కావాలి? 3, 5 ఆంపియర్ల ఫ్యూజులలో ఏది ఎంచుకుంటారు?
3. దీపాల శాఖ ఫ్యూజు పోయినప్పుడు చార్జర్ పనిచేస్తుందా? ఎందుకు?

సమాధానాలు

1. రెండవ రిలే. స్విచ్చి దాని తీగచుట్ట ప్రవాహాన్ని మాత్రమే మోస్తుంది.
2. 36 ÷ 12 = 3 ఆంపియర్లు. 5 ఆంపియర్ల ఫ్యూజు. దానిలో నాలుగింట మూడు వంతులు 3.75 కాబట్టి 3 ఆంపియర్లు ఆ హద్దులోపే ఉన్నాయి.
3. పనిచేస్తుంది. రెండు శాఖలకూ ప్రధాన రిలే తరువాత వేర్వేరు ఫ్యూజులు ఉన్నాయి.